జీపు రేకు – తుప్పు

బద్వేలు పల్లెలకు పాత జీపు కొత్త కాదు. అది మొదట సైన్యం బండి. 1941లో అమెరికాలో యుద్ధం కోసం చేశారు. 1949 నాటికి మహీంద్రా కంపెనీ బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టింది.

జీపు అడుగున ఉక్కు చట్రం ఉంటుంది. దానిమీద ఉక్కు రేకు తొట్టిని బోల్టులతో బిగిస్తారు. పైన గట్టి గుడ్డ కప్పుతారు. సైన్యం జీపుకు తలుపులు లేవు. బండి తేలిగ్గా ఉండాలి, సిపాయిలు చప్పున దిగాలి. అందుకే అట్లా చేశారు.

రంగు పోయిన చోట రేకుకు తడి తగిలితే తుప్పు పడుతుంది. నీళ్లు, బురద నిలిచే అడుగు రేకు తొందరగా పాడవుతుంది. తుప్పు మీదనే రంగు వేస్తే లాభం లేదు. లోపల తింటూనే ఉంటుంది. తుప్పు గీకించాలి. చిల్లి పడితే కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి.

పైగుడ్డ ఎండను ఆపుతుంది. బండి బోల్తా పడితే తలను కాపాడదు. సైన్యం జీపు నలుగురి కోసం చేసింది. అట్లాంటి బండికి పదిమంది వేలాడితే ప్రాణానికే ముప్పు.