గుడ్డును బట్టి కోడి జాతి

కోళ్లకు పేర్లు పెట్టడంలో తెలుగువారు ఎవరికీ తీసిపోరు. కాకి, డేగ, నెమలి, పర్ల, సేతువ, పింగళ అంటూ ఈకల వన్నెను బట్టి పుంజులను విభజించి, ఏ వన్నె పుంజు ఏ వేళలో దేనిపై గెలుచునో చెప్పడానికి కుక్కుటశాస్త్రమన్న పేరుతో ఒక శాస్త్రాన్నే ఏర్పరచుకొన్నారు. పల్నాటి కథలో రాజ్యాల గతిని మార్చినది కోడిపోరే గదా! అయితే ఆ శ్రద్ధ అంతా పుంజు మీదనే. ఈ పేర్లలో గుడ్డును చూచి పెట్టినది ఒక్కటీ లేదు. మన పెరటి నాటుపెట్టల గుడ్లన్నీ ఇంచుమించు ఒకే లేత గోధుమవన్నెలో ఉండటం ఇందుకు కారణం కావచ్చును.

ఐరోపా, అమెరికా దేశాలలో పెరటికోళ్లను పెంచేవారి బుట్ట మరొక విధంగా ఉంటుంది. పాలవంటి తెలుపు, ఇటుక ఎరుపు, లేత ఆకాశనీలం, ముదురు పచ్చ అందులో కలిసిమెలిసి కనబడతాయి. ఏ గుడ్డు ఏ జాతి కోడిదో చెప్పడం వారికి వినోదమే గాక అవసరం కూడా. గుడ్లు మానిన పెట్ట ఏదో, పొదగవేయదగిన గుడ్డు ఏదో తెలియవలెను గదా.

పెంకుకు మూలద్రవ్యమైన కాల్షియం కార్బొనేటు స్వతహాగా తెల్లనిది. పెట్ట కడుపులో ఒక గుడ్డు తయారు కావడానికి రమారమి 25 గంటలు పడితే, అందులో 20 గంటలు పెంకు కట్టడానికే సరిపోతాయి. గోధుమవన్నెను ఇచ్చే ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణద్రవ్యం చాలావరకు చివరి కొన్ని గంటలలో పైపూతగా దిగుతుంది. నీలపు వన్నెకు కారణమైన బిలివర్డిన్ అట్లా కాదు. పెంకు కట్టినంతసేపూ అందులో కలుస్తూనే ఉంటుంది. మొదటిది గుడ్డమీది అద్దకం వంటిది, రెండవది నూలుకే పట్టించిన రంగు వంటిది. అందుచేతనే గోధుమవన్నె గుడ్డును పగులగొట్టి పెంకును తిరగవేస్తే లోపల తెల్లగా ఉంటుంది. నీలిగుడ్డు లోపల కూడా నీలమే. నీలిపెంకు మీద గోధుమపూత పడితే చూపరులకు పచ్చగా తోచును.

ఇక జాతుల మాట. ఇటలీలోని లివోర్నో రేవు పేరును ఇంగ్లీషువారు తమ నోట తిప్పి ‘లెగ్‌హార్న్’ అని పిలిచిన కోడి తెల్లగుడ్డు పెడుతుంది. మన అంగళ్లలోని తెల్లగుడ్లు చాలావరకు ఆ వంశపు కోళ్లవే. అమెరికాలో రూపొందిన రోడ్ ఐలండ్ రెడ్ గుడ్డు గోధుమవన్నెది. ఫ్రాన్సులోని మరాన్స్ పట్టణం పేరుగల కోడి గుడ్డు పాతచింతపండులా ముదురుగా ఉంటుంది. హాలండు దేశపు వెల్సమ్మర్ గోధుమపెంకు మీద తరచు ముదురు చుక్కలు కూడా చల్లుతుంది. చెవితమ్మె తెల్లనైతే తెల్లగుడ్డు, ఎర్రనైతే గోధుమగుడ్డు అని ఒక వాడుకసూత్రం ఉన్నది. అది తరచు నిజమే గాని, నియమం కాదు. చిలీ దేశపు అరౌకానాకు తమ్మె ఎర్రన, గుడ్డు నీలం.

ఆ అరౌకానా ఒక పండితుని తికమకపెట్టింది. స్పెయిన్ దేశీయుడైన సాల్వడోర్ కాస్తెల్యో 1914లో చిలీలో తోకలేని, చెవులవద్ద ఈకల కుచ్చులు గల, నీలిగుడ్లు పెట్టే కోళ్లను చూచాడు. 1921లో హేగ్ నగరంలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో వాటిని ఒక కొత్త జీవజాతిగా వర్ణించాడు. తీరా విచారిస్తే, అవి చిలీలో ఒక పెంపకందారు రెండు నాటురకాలను కలిపి సాధించిన సంకరం. తోకలేకపోవడం, నీలిగుడ్డు ఒక రకం సొత్తు. కుచ్చులు మరొక రకానివి. అంతటివాడే పొరబడినప్పుడు బుట్టలోని గుడ్డును చూచి జాతిపేరు ఖాయం చేయడం సాహసమే.

నీలిరంగు ఒకే జన్యువు వలన, అదియును ప్రబలమైన జన్యువు వలన, సంక్రమిస్తుందని 1933లో పన్నెట్ తెలిపాడు. విద్యార్థులు జీవశాస్త్రంలో గీసే ‘పన్నెట్ చదరం’ ఆయన పేరిటిదే. ఆ జన్యువు వెనుక ఒక వైరస్ ఉన్నదని 2013లో బయటపడింది. ఎన్నడో కోడి వంశంలో చొరబడిన వైరస్ తునక ఒకటి, పక్కనున్న జన్యువును పెంకు కట్టే అవయవంలో మేల్కొలిపిందట! చైనాలోని నీలిగుడ్ల కోళ్లలో అదే తునక కొంచెం తేడాగల చోట చేరి ఉన్నది. అనగా ఈ వింత రెండు ఖండాలలో వేర్వేరుగా జరిగినది.

మన సంతలో ఈ ప్రశ్న రూపాయలతో ముడిపడి ఉన్నది. గోధుమగుడ్డు కనబడగానే ‘నాటుగుడ్డు’ అని ఎక్కువ ధర ఇచ్చేవారు ఎందరో. కాని గోధుమగుడ్లు పెట్టే సంకరకోళ్లను షెడ్లలో వేలకొలదిగా పెంచుతున్నారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికై రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ల గుడ్లూ గోధుమవన్నెవే. పెంకు రంగు పోషకాలను పెంచదు. పచ్చసొన వన్నె కూడా చాలావరకు మేతను అనుసరించేదే. విచిత్రమేమంటే, ‘అసీల్’ అనే అరబ్బీ మాటకు మేలైన మూలం గలది అని అర్థం. తెలుగునాట ప్రసిద్ధమైన ఆ కోడి ఏడాదికి వంద గుడ్లయినా పెట్టదు, ఆ కొద్ది గుడ్లనూ తక్కిన గోధుమగుడ్లలో వేస్తే ఎవరూ ఏరలేరు.

అందుచేత రంగు కాదనడానికి పనికివచ్చినంతగా అవుననడానికి పనికిరాదు. నీలిగుడ్డు మేలైన లెగ్‌హార్న్‌ది కాదు. తెల్లనిది రోడ్ ఐలండ్ రెడ్‌ది కాదు. అయిదారు పెట్టలున్న పెరటిలో మాత్రం రంగు బాగా పలుకుతుంది. పెట్టకు పెట్టకు ఛాయాభేదం, ఆకారభేదం ఉండటం చేత, రోజూ గంప ఎత్తి చూచే ఇల్లాలు ఏది ఎవరిదో ఇట్టే చెప్పగలదు. ఒక పెట్ట గుడ్డు క్రమంగా పాలిపోతే అది ముదిరినదనో, బెదిరినదనో, జబ్బుపడినదనో అనుమానించవలెను. బయటి కొనుగోలుదారుకు ఈ పరిచయం ఉండదు.

నీలిగుడ్డు కావాలని సంకరం చేసేవారి చిక్కు మరొకటి. పెంకు రంగు తల్లిది. లోపలి పిల్లలో సగం తండ్రిది. నీలిగుడ్డులో నుండి వచ్చిన పెట్ట తెల్లగుడ్డు పెట్టవచ్చును, తెల్లగుడ్డులో నుండి వచ్చినది నీలిగుడ్డు పెట్టవచ్చును. పుంజు ఏ రంగును మోస్తున్నదో కంటికి కనబడదు. దాని కూతుళ్లు ఎదిగి, అయిదారు నెలలకు తొలిగుడ్డు పెట్టినప్పుడే ఆ సంగతి గంపలో తేలుతుంది.