మోటారు సైకిలు: చట్టం చెప్పేది, భౌతికశాస్త్రం చెప్పేది

దిగువ కృష్ణా డెల్టాలో రోడ్లు చాలా వరకు నీటి వెంట సాగుతవి. మచిలీపట్నం నుండి గుడివాడకు పోయినా, మోపిదేవి, అవనిగడ్డల మీదుగా దివిసీమలోని నాగాయలంకకు పోయినా, కాలువ గట్లు, వరిచేలు వెంట వస్తూనే ఉంటవి. పూణే నుండి వచ్చే 65వ నెంబరు జాతీయ రహదారి మచిలీపట్నం వద్ద ముగుస్తున్నది. 216వ నెంబరు రహదారి పులిగడ్డ–పెనుమూడి వంతెన మీదుగా రేపల్లె వైపు సాగుతున్నది. ఈ రోడ్ల మీద బస్సులు, లారీలు, గడ్డి ట్రాక్టర్లు, సైకిళ్లు, గేదెలు అన్నీ నడుస్తవి. వీటి నడుమ కొత్తగా మోటారు సైకిలు ఎక్కే విద్యార్థి తెలుసుకొనవలసిన చట్టమేమిటి? ఆ చట్టం వెనుక ఉన్న శాస్త్రమేమిటి?

ఎవరు నడపవచ్చును?

మన దేశంలో నేడు అమలులో ఉన్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. దీనికి 2019లో ముఖ్యమైన సవరణలు జరిగినవి. గేర్లున్న మోటారు సైకిలు నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. 16 ఏండ్లు నిండినవారు తల్లిదండ్రుల లేక సంరక్షకుల వ్రాతపూర్వకమైన అంగీకారంతో, గేర్లు లేని, 50 సి.సి. దాటని బండికి మాత్రమే లైసెన్సు పొందవచ్చును. నేడు ఇండ్లలో కనిపించే పెట్రోలు స్కూటర్లు చాలా వరకు 100 సి.సి.కి పైబడినవే. కనుక గేర్లు లేవు గదా అని పదవ తరగతి పిల్లవాడు వాటిని నడుపరాదు.

మొదట లెర్నరు లైసెన్సు తీసుకొనవలెను. దాని గడువు 6 నెలలు. 30 రోజులు గడచిన పిమ్మట పరీక్షకు పోవచ్చును. నేర్చుకొనే కాలంలో బండికి ముందు, వెనుక తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండవలెను. లైసెన్సు గల శిక్షకుని తప్ప వేరెవ్వరినీ వెనుక ఎక్కించుకొనరాదు.

ఈ విషయంలో పెద్దల బాధ్యత చాలా ఉన్నది. 199-ఎ సెక్షను ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేసినచో సంరక్షకునికి లేక బండి యజమానికి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చే వరకు లైసెన్సు ఇవ్వరు.

శిరస్త్రాణం కథ

1935 మే నెలలో ఇంగ్లండులో టి. ఇ. లారెన్సు అనే ప్రసిద్ధుడు, సైకిళ్లపై పోతున్న ఇద్దరు బాలురను తప్పించబోయి మోటారు సైకిలుపై నుండి పడి, ఆరు రోజులకు మరణించాడు. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. తరువాత కెయిర్న్సు మోటారు సైకిలు ప్రమాదాలలో తలకు తగిలే గాయాలను శ్రద్ధగా పరిశీలించి, 1941లో హెల్మెట్ల ప్రయోజనాన్ని వివరిస్తూ ఒక వ్యాసం ప్రకటించాడు.

మన ప్రాంతానికి సంబంధించిన ఘట్టం ఒకటి 1988లో జరిగింది. హెల్మెట్ తప్పనిసరి చేసిన ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమం 498-ఎ పౌరుల స్వేచ్ఛకు భంగమని అజయ్ కానూ అనే వ్యక్తి సుప్రీంకోర్టుకు పోయాడు. కోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చి, నియమాన్ని నిలబెట్టింది.

హెల్మెట్ ఏమి చేస్తుంది? తల 1.6 మీటర్ల ఎత్తు నుండి నేలను తాకే సరికి దాని వేగం సెకనుకు సుమారు 5.6 మీటర్లు. గట్టి రోడ్డు మీద అది 3 మిల్లీమీటర్లలో ఆగిందనుకొందాము. అప్పుడు సగటు ఋణత్వరణం గురుత్వ త్వరణానికి 530 రెట్లు దాటుతుంది. హెల్మెట్ లోపలి నురుగు పొర 25 మిల్లీమీటర్లు నలిగినచో అది 64 రెట్లకు దిగుతుంది. వేగం అదే, ఆగే దూరం మాత్రం పెరిగింది. అందుచేత నలిగే పొర లేని టోపీ ఎంత గట్టిదైనా వ్యర్థమే. పట్టీ బిగించని హెల్మెట్ దెబ్బ తగిలే లోపలే ఊడిపోతుంది. సరియైన హెల్మెట్ మరణాపాయాన్ని సుమారు 42 శాతం, తలగాయాల ప్రమాదాన్ని 69 శాతం తగ్గిస్తుందని పలు పరిశోధనలను క్రోడీకరించిన వైద్య సమీక్ష తేల్చింది. ఐ.ఎస్. 4151 ప్రమాణం ముద్ర చూచి కొనవలెను.

చట్టం ప్రకారం నాలుగేండ్లు దాటిన ప్రతివారూ, వెనుక కూర్చున్నవారు సహితం, హెల్మెట్ ధరించవలెను. సిక్కులు తలపాగా ధరించినప్పుడు మినహాయింపు ఉన్నది. తప్పినచో 1,000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సుకు అనర్హత. వెనుక ఒక్కరినే ఎక్కించుకొనవలెనన్న నియమం మీరినా ఇదే శిక్ష.

ఆగే దూరం

ప్రమాదాన్ని చూచిన తరువాత చేయి బ్రేకును నొక్కే సరికి సుమారు ఒక సెకను పడుతుందనుకొందాము. పొడి రోడ్డుపై ఋణత్వరణం సెకనుకు సెకనుకు 5 మీటర్లు అనుకొన్నచో లెక్క ఇది:

గంటకు 30 కిలోమీటర్ల వేగంలో: 8 + 7 = 15 మీటర్లు.
గంటకు 60 కిలోమీటర్ల వేగంలో: 17 + 28 = 45 మీటర్లు.

వేగం రెట్టింపైనప్పుడు గతిజశక్తి నాలుగింతలగును గదా! అందుచేత బ్రేకు వేసిన తరువాతి దూరం కూడా నాలుగింతలైంది. కోతల కాలంలో రోడ్డుపై ఆరబోసిన ధాన్యం, తడిసిన గడ్డి, ట్రాక్టరు చక్రాలు తెచ్చిన నల్లరేగడి బురద ఘర్షణను తగ్గిస్తవి. ఘర్షణ సగమైనచో 60 కిలోమీటర్ల వేగంలో ఆగుటకు సుమారు 72 మీటర్లు కావలెను. ధాన్యపు గింజలు టైరు క్రింద చిన్న చిన్న చక్రాల వలె దొర్లుతవి. అట్టిచోట ముందుగానే వేగం తగ్గించవలెను. హఠాత్తుగా బ్రేకు నొక్కరాదు, బండిని వంచరాదు.

బ్రేకు వేసినప్పుడు భారం ముందు చక్రంపైకి ఒరుగుతుంది. కనుక వెనుక బ్రేకు ఒక్కటే చాలదు, రెండూ కలిపి వాడవలెను. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి. దాటిన బండ్లకు ఏ.బి.ఎస్., అంతకు లోపు వాటికి కనీసం రెండు బ్రేకులను కలిపే సి.బి.ఎస్. తప్పనిసరి అయినవి. ఏ.బి.ఎస్. చక్రం బిగుసుకొని జారకుండా కాపాడుతుంది. కాని అది ఘర్షణను సృష్టించలేదు.

బండికి ఉండవలసినవి

వెనుక కూర్చున్నవారికి చేతిపట్టు, పాదాలకు ఆధారం, వెనుక చక్రాన్ని కనీసం సగం వరకు కప్పే రక్షణ ఉండవలెనని కేంద్ర నియమాలు చెప్పుచున్నవి. దీనినే మనం చీర గార్డు అంటాము. చీర కొంగు, ఓణీ చక్రంలో చుట్టుకొనకుండా కాపాడేది ఇదే. అందం కొరకు దానిని తీసివేయరాదు. వెనుక ఎర్రదీపం, అద్దాలు, టైర్ల గాళ్లు సరిగా ఉన్నవో లేవో చూచుకొనవలెను. చలికాలపు మంచులో దీపం లేని గడ్డి ట్రాక్టరు దగ్గరకు వచ్చే వరకు కనిపించదు. మన వెలుతురు పడే దూరంలో ఆగగలిగిన వేగమే క్షేమకరం.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చును. ఒక విద్యార్థి స్కేలును నిలువుగా పట్టుకొని హఠాత్తుగా వదలవలెను. సున్నా గీత వద్ద వ్రేళ్లు ఉంచిన రెండవ విద్యార్థి దానిని పట్టుకొనవలెను. 20 సెంటీమీటర్లు జారినచో అతని ప్రతిస్పందన కాలం 0.2 సెకను. ఆ కొద్ది కాలంలోనే 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 3 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. స్కేలు కొరకు కాచుకొని ఉన్న వ్రేళ్లకే ఇంత కాలం పట్టినచో, గేదె అడ్డం వస్తుందని అనుకొనని మనిషికి ఇంకెంత పట్టునో విద్యార్థులే ఊహించగలరు.