చెడుగుడు కూతయు, బిళ్ళంగోడు దెబ్బయు

పిఠాపురము చుట్టుపట్ల ఏలేరు నీటితో పండు పల్లెలలో సంక్రాంతి నాటికి మాసూళ్ళు ముగియును. ధాన్యము ఇల్లు చేరిన పిదప ఖాళీపడిన చేలు కొన్నాళ్ళు ఆటస్థలములగును. మెత్తని మట్టిపై కాలితో గీత గీచి, ఇరుప్రక్కల నిలిచి, గుక్కపట్టి ఆడునది చెడుగుడు. ఊరివెలుపలి బయలున చేతికర్రతో చిన్న పుల్లను ఎగురగొట్టి ఆడునది బిళ్ళంగోడు. మొదటిదానికి ఊపిరి తప్ప వేరు సామగ్రి అక్కరలేదు. రెండవదానికి ఒక చెట్టుకొమ్మయు, దానిని చెక్కుటకు కత్తియు చాలును.

ఒకే చేలలో ఒకే పిల్లలు ఆడిన ఆటలివి. అయినను నేడు చెడుగుడు ఆసియా క్రీడలలో పతకములు తెచ్చుచుండగా, బిళ్ళంగోడు పిల్లల చేతులనుండియే జారిపోవుచున్నది. అది తక్కువ ఆట యగుటవలన కాదు. చెడుగుడునకు నియమములు వ్రాసినవారు ఉండిరి, బిళ్ళంగోడునకు లేకపోయిరి. మా తలంపున అసలు కారణమిదియే. దీనిని విశదపరచుటకు ముందు ఒక దూరదేశపు కథ చెప్పవలసియున్నది.

ఐర్లండు దేశమున కూడ ఇట్టి ఆటలు రెండు కలవు. ఒకటి హర్లింగు; కొన వెడల్పుగానుండు కర్రతో చిన్నబంతిని కొట్టి ఆడుదురు. రెండవది గేలిక్ ఫుట్‌బాల్. బంతిని చేతితోను కాలితోను కూడ నడుపవచ్చును. పూర్వము ఇవి ఊరికొక తీరుగ ఆడెడివారు. 1884వ సంవత్సరము నవంబరు 1వ తేదీన తర్లెస్ అను పట్టణమున ఒక హోటలులో మైకేల్ కుసాక్ అను ఉపాధ్యాయుడును, మారిస్ డేవిన్ అను క్రీడాకారుడును మరికొందరితో చేరి గేలిక్ అథ్లెటిక్ సంఘమును స్థాపించిరి. నేడు పిఠాపురం రాజావారి పేర వెలయుచున్న కాకినాడ కళాశాల పుట్టినదియు ఆ 1884లోనే. మన కళాశాలలలోనికి పాఠములతోపాటు క్రికెట్టు వచ్చి చేరిన కాలమున, అచ్చటివారు తమ పల్లెయాటలకు నియమములు వ్రాసికొనసాగిరి.

ఆ సంఘము చేసిన గొప్ప పని మరియొకటి కలదు. ఆ దేశమున కౌంటీ యనగా మన జిల్లా వంటిది. దానిని గీచినవారు ఇంగ్లీషు పాలకులు. గీచినది పరిపాలన సౌకర్యమునకు. ఆ గీతలను ఆటకు వాడుకొని, కౌంటీకొక జట్టు చొప్పున దేశమంతటికి పోటీ పెట్టిరి. 1887 నాటి తొలి పోటీలో ఒక కౌంటీలో గెలిచిన ఊరి జట్టే ఆ కౌంటీ పేర ఆడెను. తర్లెస్ జట్టు టిప్పరరీ పేర హర్లింగు విజేత అయ్యెను. మొదట పక్షమునకు 21 మంది ఆడెడివారు. 1913 నుండి 15 మందియే. నేటికిని ఆ ఆటగాండ్రకు జీతములు లేవు. వారమంతయు బడిలోనో బ్యాంకులోనో పని చేసికొని, ఆదివారమున తమ కౌంటీ రంగుల చొక్కా తొడిగికొందురు. 1921లో ఆ ద్వీపము రెండు రాజ్యములుగా చీలి ఆరు కౌంటీలు బ్రిటను క్రింద ఉండిపోయెను. ఆటల సంఘము మాత్రము ఆ చీలికను పాటింపక 32 కౌంటీలను ఒకే పోటీలో నిలిపినది. పాలకులు గీచిన గీత ప్రజల అభిమానమునకు గట్టు అయినది!

ఇక మన చెడుగుడు మాటకు వత్తము. ఇదియు ఊరికొక తీరుగ ఆడినదే. దెబ్బతిన్నవాడు, అనగా ‘చచ్చినవాడు’, మరల ఎప్పుడు లేవవలెను అనునదే ముఖ్యమైన భేదము. ఎదుటి పక్షమున ఒకడు చచ్చినచో ఇటువైపు ఒకడు లేచుట ఒక పద్ధతి. దీనికి సంజీవని యని పేరు. ఒక పక్షమువారందరును చచ్చువరకు ఎవరును లేవకుండుట వేరొక పద్ధతి, అది గామిని. ఎవడును బయటకు పోక, తాకుడునకు పాయింటు మాత్రము లెక్కించుట మూడవది, అది అమర్. ఈ పేర్లు మహారాష్ట్రము నుండి వచ్చినవి. నియమములు కూర్చినవారును అచ్చటివారే. 1918 ప్రాంతమున వారు పూనుకొన్న పని 1923 నాటికి అచ్చుపడినది. 1936లో అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు బెర్లిన్ ఒలింపిక్సు సందర్భమున ఈ ఆటను ప్రదర్శించిరి. (ఇచ్చట అమరావతి యనగా విదర్భలోనిది, కృష్ణాతీరపు అమరావతి కాదు.)

ఆ 1936లోనే పిఠాపురాధీశులగు రావు సూర్యారావు బహద్దరువారి పోషణమున సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము వెలువడెను. తెలుగు మాటలను ఏర్చి కూర్చుటకు పండితులను నియమించి ఏండ్ల తరబడి ధనము వెచ్చించిన సంస్థానమది. తెలుగు ఆటలకు అట్టి పని తలపెట్టినవారు మాకు కనబడరు. అందువలన మన చెడుగుడునకు చట్టము పరభాషలో పుట్టి మనకు దిగుమతి అయినది.

1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడెను. పురుషుల తొలి జాతీయ పోటీలు 1952లో మద్రాసులో జరిగెను. అప్పటికి మన గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రమున చేరినవే. స్త్రీల పోటీలు 1955లో కలకత్తాలో మొదలయ్యెను. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో కబడ్డీ పతకపు ఆటయై, భారత పురుషుల జట్టు వరుసగా 2014 వరకు స్వర్ణమును వదలలేదు. 2018లో జకార్తాలో ఇరాను దానిని సెమీఫైనలులో పడగొట్టెను. స్త్రీల జట్టును సైతము ఆ యేడే తుదిపోటీలో ఇరానే గెలిచెను. 2023లో హాంగ్‌జౌలో రెండు జట్లును స్వర్ణములు మరల తెచ్చుకొనెను. ఒకప్పుడు మనదియే అనుకొన్న ఆటను పరులు మనకంటె బాగుగా ఆడగలుగుట, మా దృష్టిలో, ఆ ఆట ఎదిగినదనుటకు సాక్ష్యము.

నియమమువలన ఆటకు స్థిరత్వము వచ్చినది. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల ఆవరణ, పక్షమునకు ఏడుగురు, 20 నిమిషముల చొప్పున రెండు భాగములు, నడుమ 5 నిమిషముల విరామము. ఎదుటివారందరును చచ్చినచో ‘లోనా’ యని రెండు పాయింట్లు అదనము. చచ్చినవాడు లేచుటకు సంజీవని పద్ధతియే నిలిచినది. పిఠాపురపు కుర్రవాడు పంజాబు కుర్రవానితో ఆడవలెనన్న వివాదము లేకుండ ఆడగలడు. ఇది చిన్న లాభము కాదు.

పోయినదియు కలదు. రేడియో వినువారికి ఇది ప్రత్యేకముగా తోచవలెను. ఏలనగా పోయినది ఒక ధ్వని. చెడుగుడు కంటికి కనబడుటకు ముందే చెవికి వినబడు ఆట. మనవారు ఎదుటి పక్షముపైకి పోవుటను ‘కూతకు వెళ్ళుట’ యందురు. కూత ఆగినచో ఊపిరి తీసినట్లే, ఊపిరి తీసినచో చచ్చినట్లే. చీకటిపడిన వేళ ఆడుచున్నను కూతను బట్టియే ఎవడు వచ్చినదియు, ఎంత దమ్ము మిగిలినదియు తెలిసెడిది. ఆ కూత ‘చెడుగుడు’ అను మాటయే కావచ్చును, లేక ఆ పిల్లవాడు కట్టుకొన్న పదముల వరుస కావచ్చును. నేటి నియమమున కూతకు ఆమోదింపబడిన మాట ‘కబడ్డీ’ ఒక్కటియే. పైగా ఒక్కొక్క కూతకు 30 సెకండ్లు గడువు పెట్టిరి. దమ్మునకు ఊపిరితిత్తులు హద్దుగానుండగా ఇప్పుడు గడియారము హద్దు అయినది. న్యాయనిర్ణేతకు ఇది సుకరమే. అయినను ఆవరణము వెలుపల, పండుగనాటి ఊరిపోటీలలో, తెలుగు కూతను నిలుపుకొనుటకు ఏ సమాఖ్యయు అడ్డురాదు.

జట్ల విషయమున మన జిల్లాల చరిత్ర చిత్రమైనది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడినది. 1925లో అది తూర్పుగోదావరి అయినది. 2022 ఏప్రిలు 4 నుండి పిఠాపురము కాకినాడ జిల్లాలోనిది. కూతకు వెళ్ళు పిల్లవానికి తన తాతకాలపు జిల్లా పేరు చొక్కాపై నిలుచునని చెప్పలేము. 2014లో ప్రారంభమైన ప్రో కబడ్డీ లీగులో తెలుగు పేరు గల జట్టు ఒకటి, తెలుగు టైటాన్స్, వెలసినది. తొలి యేండ్లలో దానికి పేరు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశమందలి బిజ్నోరువాడు. అతని ఆట చూచి మనవారు కేకలు వేయుటలో తప్పులేదు, మంచి ఆటగాడు. కాని జీతముతో కొనబడు జట్టు వేరు, ఊరినుండి ఎదిగివచ్చు జట్టు వేరు. డబ్బుతో కూడిన లీగు వచ్చిన తరువాతనైనను జిల్లా పోటీలకు ఖర్చు చూచుట మరువరాదు. లీగు ఆటగాడైనను ఏదో ఒక ఊరి చేలో మొదలుపెట్టినవాడే.

బిళ్ళంగోడునకు ఈ భాగ్యము పట్టలేదు. గోటీబిళ్ళ, కర్రాబిళ్ళ, తెలంగాణమున చిర్రగోనె యని దీనికి పేర్లు అనేకము. బిళ్ళ ఇరుకొనలను సన్నగ చెక్కుదురు. కొనపై కర్రతో తట్టిన లేచును. లేచినదానిని గాలిలోనే రెండవ దెబ్బ కొట్టవలెను. పడినచోటినుండి దూరమును ఆ కర్రతోనే కొలుతురు. ఎదుటివాడు నేల తాకకముందే పట్టిన కొట్టినవాడు ఔటు. కంటికి, చేతికి ఇంత పొందిక నేర్పు ఆట అరుదు. క్రికెట్టు వచ్చి పిల్లల చేతి కర్రను బ్యాటుగా మార్చెను. పట్టుట, కొట్టుట అందులోను ఉండుటచే మార్పు సులభమయ్యెను.

దీనికి చట్టము చేయుట అసాధ్యమని కొందరందురు. వారి మొదటి ఆక్షేపణ, కొలకర్రయే ఒక్కొక్క ఊర ఒక్కొక్క పొడవు అనునది. హర్లింగును ఇట్లే ఊరికొక తీరుగ ఆడెడివారని చెప్పియుంటిమి. ఆ ఆటను 2018లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినది. రెండవ ఆక్షేపణ బరువైనదే: బిళ్ళ ఎగిరి కంట తగులును. తల్లులు ఈ ఆటను మాన్పించుటకు ముఖ్యకారణము ఇదియే, అందు న్యాయమును కలదు. హర్లింగులో బంతి బిళ్ళకంటె బరువైనది, మిక్కిలి వేగముగ పోవును, పదిహేనేసి మంది కర్రలతో ఒకేచోట చేరుదురు. అచ్చటివారు 2010 నుండి ముఖమునకు ఇనుపజాలి గల టోపీని అన్ని వయసులవారికి తప్పనిసరి చేసి, ఆటను యథాప్రకారము ఆడుచున్నారు.