గోరంత కార్డు... కొండంత ఆట!

ఇది ఒక జపాన్ చిన్నదాని కథ. చిన్నది అంటే అమ్మాయి అనుకునేరు, కాదు లెండి! అరచేతుల్లో ఒదిగే ఆటల మిషను. 4.3 అంగుళాల తెర. పేరు ప్లేస్టేషన్ పోర్టబుల్, ముద్దుపేరు పి.ఎస్.పి. సోనీవారు 2004 డిసెంబరు 12న జపాన్‌లో రిలీజు చేశారు. అమెరికాలో 2005 మార్చిలో వచ్చినప్పుడైతే మొదటి పది లక్షల పెట్టెలతో ‘స్పైడర్‌మ్యాన్ 2’ సినిమా డిస్కు కూడా ఇచ్చారు. అంటే పుట్టుకతోనే దీనికి సినిమా గాలి సోకిందన్నమాట!

ఆటలన్నీ యు.ఎం.డి. అనే బుల్లి డిస్కుల్లో అమ్మేవారు. పక్కన ఇంకో చిన్న అర, అందులో మెమరీ స్టిక్ అనే కార్డు. మిషనుతో వచ్చిన కార్డులో పట్టేది 32 మెగాబైట్లే. ఆడిన ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవడానికి, పాటలకీ ఫోటోలకీ దాన్ని పెట్టారు. కానీ కుర్రాళ్ల బుర్ర ఊరుకుంటుందా? “డిస్కెందుకు, మనం రాసుకున్న ఆటని ఈ కార్డులో వేసి ఆడకూడదా?” అనుకున్నారు. అలా పుట్టినవే హోమ్‌బ్రూ ఆటలు. హోటలు భోజనం కాదు, ఇంటి వంట! కంపెనీ ముద్ర ఉండదు, డబ్బులూ అడగరు.

సెన్సారును బురిడీ కొట్టించారు!

జపాన్‌లో మొదట వచ్చిన మిషన్లలో 1.00 అనే సాఫ్టువేరు ఉండేది. అది కార్డులో ఏ ప్రోగ్రాము పెట్టినా కిమ్మనకుండా నడిపేసేది. సెన్సారు లేని సినిమా అనుకోండి. సోనీవారు నాలిక కరుచుకుని, 1.50లో కాపలా పెట్టారు. ప్రోగ్రాము మీద కంపెనీ రహస్య సంతకం ఉంటేనే ఆట మొదలవుతుంది, లేదా గేటు దగ్గరే ఆపేస్తుంది.

2005 జూన్‌లో స్పెయిన్ కుర్రాళ్లు కనిపెట్టిన ఉపాయం వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. పాత థియేటర్లలో ఒక ప్రొజెక్టరు మీద రీలు అయిపోతుండగానే రెండో ప్రొజెక్టరు అందుకునేది గుర్తుందా? సరిగ్గా అదే! మొదటి కార్డులో అసలు ప్రోగ్రామే లేని ఉత్తుత్తి ఫైలు. మిషను దాన్ని చూసి, ‘ఇందులో అభ్యంతరకరమైనదేమీ లేదు’ అని పచ్చజెండా ఊపుతుంది. ఆ రెప్పపాటులో ఆ కార్డు పీకి, అసలు ఆట ఉన్న రెండో కార్డు దూర్చాలి. చెయ్యి కాస్త వణికిందా, మళ్లీ మొదటికి! కొద్ది రోజులకే ఒక్క కార్డుతోనే పని జరిగే చిట్కా వచ్చింది. ఫోల్డరు పేరు చివర ఒక శాతం గుర్తు తగిలిస్తే చాలు. ఇంత పెద్ద కంపెనీ ఇంత చిన్న గుర్తుకి బోల్తా పడింది చూశారా!

ఆ తర్వాత ఏళ్ల తరబడి దొంగా పోలీసు ఆటే. సోనీవారు ఒక తలుపు మూస్తే వీళ్లు ఇంకో కిటికీ తెరిచేవారు. ఫోటో చూపించే చోట ఒక లొసుగు, ‘లిబర్టీ సిటీ స్టోరీస్’ ఆటలో ఇంకోటి, 2007లో ‘ల్యూమిన్స్’లో మరోటి. ఇక్కడే పాపం కుర్రాళ్లకి ఇరకాటం. కొత్త ఆట కొంటే అది కొత్త సాఫ్టువేరు ఎక్కించుకోమంటుంది. ఎక్కించుకుంటే ఇంటి వంట బందు. మానుకుంటే కొత్త ఆట లేదు.

దాన్ని మించిన గండం మరొకటుంది. సాఫ్టువేరు మారుస్తుండగా బ్యాటరీ అయిపోతే మిషను ఇక లేవదు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఇటుక’! 2005 అక్టోబరులో ఒక దుర్మార్గుడు సాయం చేసే ప్రోగ్రామని చెప్పి మిషన్లను ఇటుకలు చేసే వైరస్ వదిలాడు. నమ్మి కార్డులో వేసుకున్న పిల్లలు దాచుకున్న డబ్బంతా మట్టిలో కలిసింది. 2007లో ‘పండోరా బ్యాటరీ’ వచ్చాకగానీ ఇటుకలకి ప్రాణం రాలేదు. బ్యాటరీలోని నంబరు మార్చి, ప్రత్యేకంగా తయారుచేసిన కార్డు పెడితే, రిపేరు షాపులవాళ్లకి మాత్రమే తెరుచుకునే దారి అందరికీ తెరుచుకుంది.

ఇంటి వంటా? దొంగ సరుకా?

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఇంటి వంట లోపలికొచ్చిన దారినే దొంగ సరుకూ వచ్చింది. డబ్బులు పెట్టి కొనాల్సిన ఆటల్ని కార్డుల్లోకి కాపీ కొట్టి పంచేశారు. వీడియో క్యాసెట్ల రోజుల్లో మన నిర్మాతలు పడ్డ ఏడుపే ఇక్కడ ఆటల కంపెనీలదీ. సోనీవారు తలుపులు మూశారంటే తప్పుపట్టలేం. కానీ సొంతంగా ఆట రాసుకున్న కుర్రాడినీ, కాపీ కొట్టినవాడినీ ఒకే గాటన కట్టడం మాత్రం నాకు మింగుడుపడదు.

ఎందుకంటారా? ‘కేవ్ స్టోరీ’ సంగతి వినండి. జపాన్‌కి చెందిన దైసుకే అమాయా ఒక్కడే కూర్చుని ఐదేళ్లు తయారుచేశాడు. కథ, బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాము... అన్నీ ఆయనే! పి.ఎస్.పి. పుట్టిన ఆ 2004 డిసెంబరులోనే కంప్యూటరు మీద ఉచితంగా వదిలాడు. అభిమానులు దాన్ని పి.ఎస్.పి. కార్డుకి మలిచారు. జ్ఞాపకం కోల్పోయి గుహలో లేచే చిన్న రోబో దాని హీరో. బస్సులో కూర్చుని ఆడితే దిగాల్సిన స్టాపు దాటిపోవడం ఖాయం! 2010లో ఆ ఆటే నింటెండో మిషన్ మీద దర్జాగా అమ్మకానికొచ్చింది.

చివరికి పి.ఎస్.పి. తాళంచెవి ఎక్కడ దొరికిందో తెలుసా? సోనీవారి ఇంకో మిషను పి.ఎస్.3లో! 2010 చివర్లో దాని గుట్టు రట్టయ్యాక, 2011లో పి.ఎస్.పి. సంతకం చేసే రహస్యమూ బయటపడింది. సొంత ఇంటి తాళం పక్కింటి చూరులో దాచినట్టుంది కదూ!

2014లో మిషన్ల తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్‌హ్యాండే. మెమరీ స్టిక్‌ల పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి, జాగ్రత్త! నేనూ ఒకటి కొని దెబ్బతిన్నాను, దాచిన ఆట మర్నాటికి మాయం. ఫోన్లలో వాడే మైక్రో ఎస్.డి. కార్డుని తొడుగులో పెట్టి దూర్చడమే మేలు. కార్డులో పి.ఎస్.పి. అనే ఫోల్డరు, దానిలో గేమ్, దానిలో మీ ఆట ఫోల్డరు. అంతే!

నా మిషను బ్యాటరీ ఉబ్బి, వెనక మూత పైకి లేచింది. దాన్ని తీసి పక్కన పారేసి, ఛార్జరు తగిలించి ఆడుతున్నాను. నిన్న రాత్రి రోబోగారు గుహ సగం దాటారు. ఇంతలో కరెంటు పోయింది!