చర్చిలో చేసిన సేవ.. రెజ్యూమేలో రాయొచ్చా?

‘అనుభవం ఏమైనా ఉందా?’ అని ఇంటర్వ్యూలో అడగ్గానే ‘లేదండీ, ఫ్రెషర్‌ని’ అనేస్తున్నారా? కాస్త ఆగండి. ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్లి పిల్లలకు సత్యోపదేశం చెప్పేది మీరే కదా! క్రిస్మస్‌కి పాటల బృందాన్ని కూర్చోబెట్టి ప్రాక్టీసు చేయించిందీ మీరే. జీతం రాలేదు కాబట్టి అది పనే కాదనుకుంటే ఎలా?

కేథలిక్ విచారణలో గురువు ఒక్కరే అన్నీ చూసుకోలేరు. పూజలో వాచకాలు చదివేవారు, గాయకులు, ఉపదేశులు, లెక్కలు చూసేవారు.. ఎక్కువమంది మనలాంటి మామూలు మనుషులే. 1983 నాటి చర్చి చట్టం ప్రకారం ప్రతి విచారణకూ ఆర్థిక సంఘం ఉండి తీరాలి. బీకామ్ చదివేవాళ్లు ఆ పద్దులు రాయడంలో ఓ చెయ్యి వేస్తే, పుస్తకంలో చదివిన బ్యాలెన్స్ షీట్ అప్పుడు అర్థమవుతుంది.

ఇక ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడలో జరిగే గుణదల మేరీమాత ఉత్సవాలనే చూడండి. లక్షల్లో జనం. అంత జనంలో క్యూ కదిలించాలి, మంచినీళ్లు అందించాలి, తప్పిపోయిన పిల్లాడి ఏడుపు మాన్పించి పేరు రాబట్టాలి. ‘ఒత్తిడిలో పనిచేయగలరా?’ అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వలేదు.

మీ వయసువాళ్లే మొదలుపెట్టిన కథ ఒకటుంది. 1833లో పారిస్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న ఫ్రెడరిక్ ఒజానమ్ కొందరు స్నేహితులతో కలిసి పేదల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాడు. అప్పటికి అతని వయసు 20. అదే సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ. మన దేశంలోనూ చాలా విచారణల్లో ఉంది. ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్లడం, అవసరమేంటో కనుక్కోవడం, తిరిగొచ్చి సమావేశంలో చర్చించడం.. సోషల్ వర్క్ చదివేవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు.

సరే, రాయడం ఎలా? ‘చర్చి వాలంటీర్’ అని ఒక్క ముక్క రాస్తే అవతలివారికి ఏమీ తెలియదు. ‘రెండేళ్లపాటు ప్రతి ఆదివారం 25 మంది పిల్లలకు గంటసేపు పాఠం చెప్పాను’ అంటే బొమ్మ కనిపిస్తుంది. అంకె మాత్రం నిజమైనదే వేయండి. పదిమందికి చెప్పి పాతిక అని రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. శ్రీవారి సేవకు వెళ్లొచ్చినవాళ్లకైనా ఇదే లెక్క.

మతం బయటపడితే నష్టమేమోనన్న భయం కొందరికి ఉంటుంది. అది ఊరికే పుట్టిన భయమని నేను అనను. రాయాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. రాస్తే మాత్రం పని ముందు, చోటు తర్వాత పెట్టండి. అడిగితే ఎక్కడ చేశారో నిజమే చెప్పండి. అక్కడ భక్తి గురించి ఉపన్యాసం అక్కర్లేదు, చేసిన పని చెబితే చాలు. అలాగే దీన్ని ‘ఉద్యోగానుభవం’ కింద కలిపేయకండి. స్వచ్ఛంద సేవ అని విడిగా చూపించండి.

కేవలం సర్టిఫికెట్ కోసం వెళ్లేవాళ్లు రెండు వారాలకే మానేస్తారు, మొహమాటం లేకుండా చెబుతున్నా. ఏడాదిగా చేస్తున్నవారైతే తేదీలు, చేసిన పని వివరాలతో విచారణ గురువు దగ్గర ఓ లేఖ తీసుకోండి. ఆయన బదిలీ అయ్యాక వెతుక్కునే కంటే ఇప్పుడే అడగడం మేలు.