పాచికలు పదివేల సార్లు వేస్తే...

శకుని వేస్తే పాచికలు చెప్పిన మాట వినేవట. మనం వేస్తే వినవు. లూడోలో ఆరు కోసం ఎదురుచూసి విసిగిపోయిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు. మరి ఒక్క దాడికే పది పాచికలు, ఆట మొత్తానికి వందల పాచికలు వేయాల్సి వస్తే? మన సైన్యం ఉంటుందో ఊడుతుందో వాటి మీదే ఆధారపడితే? అలాంటి ఆటల్ని టేబుల్‌టాప్ వార్‌గేమ్స్ అంటారు. వాటి చుట్టూ ఓ చిన్న సాఫ్ట్‌వేర్ లోకమే ఉంది. అక్కడ చాలామంది జీతం కోసం కాకుండా సరదా కోసం కోడ్ రాస్తారు.

బల్ల మీద యుద్ధం

ఈ ఆటల్లో బాగా పేరున్నది ‘వార్‌హామర్ 40,000’. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా నడిచే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ దీన్ని 1987లో తెచ్చింది. చిన్న చిన్న సైనికుల బొమ్మలు కొనుక్కుని, ముక్కలు అతికించి, రంగులేసి, బల్ల మీద మోహరించాలి. ఎవరు ఎంత దూరం కదలొచ్చో టేపు పెట్టి అంగుళాల్లో కొలుస్తారు. ఒక్కో దళానికి కొన్ని పాయింట్లుంటాయి. ముందే అనుకున్న పరిమితి దాటకుండా సైన్యాన్ని ఎంచుకోవాలి. మామూలుగా అది 2,000 పాయింట్లు. పెళ్లి బడ్జెట్‌లాగే, ఒకచోట ఎక్కువ పెడితే ఇంకోచోట కోత పడుతుంది.

ఇక్కడే మొదటి టూల్ పుడుతుంది: సైన్యం జాబితా తయారుచేసే యాప్. తర్వాతది పాచికల లెక్కలు చెప్పే క్యాలిక్యులేటర్.

లెక్కల తలనొప్పి పాతదే

ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ 1824లో ‘క్రీగ్‌స్పీల్’ అనే యుద్ధక్రీడ నియమాలు అచ్చువేయించాడు. అధికారులకు యుద్ధవిద్య నేర్పడానికి పుట్టిన ఆట అది. మ్యాపు, పాచికలు, నష్టాల పట్టికలు, మధ్యలో ఓ అంపైర్. లెక్కలన్నీ ఆ అంపైర్ నెత్తినే. అవి ఎంత భారమయ్యాయంటే, 1876లో వెర్డీ డు వెర్నోయ్ అనే అధికారి పట్టికల్ని పక్కన పెట్టేసి, అనుభవమున్న అంపైర్ తీర్పు చాలన్నాడు. లెక్క కష్టమని లెక్కనే వదిలేశారన్నమాట. ఇప్పుడు ఆ పట్టికల పనిని జేబులో ఫోన్ క్షణంలో చేసేస్తుంది.

సగటు చెప్పని సంగతి

ఓ చిన్న లెక్క చూద్దాం. మీ దళం పదిసార్లు కాల్చింది. గురి తగలాలంటే పాచిక మీద 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. తగిలింది గాయంగా మారాలంటే 4 లేదా ఎక్కువ. ఆపైన ఎదుటివాళ్లు వేసిన పాచిక మీద 5 లేదా 6 పడితే కవచం కాపాడుతుంది. అంటే ఒక్కో తూటా మూడు మెట్లు దాటాలి: 2/3, 1/2, 2/3. గుణిస్తే 2/9. పది తూటాలకు సగటున 2.2 దెబ్బలు.

ఒక్క దెబ్బకే పడిపోయే సైనికులైతే ‘ఇద్దరు గ్యారంటీ’ అనుకుంటాం. అలా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇద్దరు కూడా పడకపోయే అవకాశం దాదాపు 31 శాతం. ఒక్కరూ పడని అవకాశం 8 శాతం. నలుగురు, అంతకంటే ఎక్కువమంది పడే అవకాశం 16 శాతం. మంచి టూల్ సగటు ఒక్కటే చెప్పి ఊరుకోదు, ఈ మొత్తం చిత్రాన్ని గ్రాఫ్‌లో చూపిస్తుంది. రిస్క్ తీసుకోవాలో వద్దో నిర్ణయం ఆటగాడిదే.

ఇంకో మెలిక ఉంది. ఒక్కో సైనికుడికి 3 ప్రాణాలు, మీ ఆయుధం ఒక్కో దెబ్బకు 2 తీస్తుంది. ఆరు దెబ్బలు తగిలితే ఎంతమంది పడతారు? ఆరు రెళ్లు పన్నెండు, మూడుతో భాగిస్తే నలుగురు. కానీ జవాబు ముగ్గురే. ఒక్కొక్కరికి రెండేసి దెబ్బలు కావాలి, మిగిలిపోయిన ఒక పాయింటు పక్కవాడికి పోదు, వృథా. ఇలాంటి నియమాలు నాలుగు కలిస్తే సూత్రంతో లెక్కించడం చికాకు. అందుకే చాలామంది ప్రోగ్రామ్‌తో అదే దాడిని పదివేల సార్లు ఆడించి, ఏ ఫలితం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టిస్తారు. దీన్నే మాంటే కార్లో పద్ధతి అంటారు. ఓ ఫర్ లూప్, ఓ ర్యాండమ్ నంబర్. బీటెక్ మొదటి ఏడాది విద్యార్థి కూడా రాయగలడు.

కోడ్ ఒకరిది, డేటా అందరిది

రాయడం సులువే. బతికించడమే కష్టం. వార్‌హామర్ 40,000 కొత్త ఎడిషన్లు 2017, 2020, 2023ల్లో వచ్చాయి. ఎడిషన్ మారితే నియమాలు మారతాయి. మధ్యలో పాయింట్లూ మారుతుంటాయి. వాటిని కోడ్ లోపలే రాసేస్తే, మారిన ప్రతిసారీ ప్రోగ్రామ్ విప్పాల్సిందే.

‘బ్యాటిల్‌స్క్రైబ్’ అనే యాప్ దీనికి మంచి దారి చూపింది. యాప్ వేరు, డేటా వేరు. దళాలు, పాయింట్ల వివరాలన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో ఉంటాయి. వాటిని వాలంటీర్లు గిట్‌హబ్‌లో సరిదిద్దుతుంటారు. దీని విలువ తర్వాత తెలిసింది. ‘న్యూ రిక్రూట్’ అనే ఇంకో టూల్ వచ్చినప్పుడు అవే ఫైళ్లను వాడుకుంది. యాప్ మారినా ఏళ్ల శ్రమ గంగపాలు కాలేదు.

ఓపెన్ సోర్స్‌గా పెట్టడం ఇంకో దారి. 1984లో మొదలైన ‘బ్యాటిల్‌టెక్’ ఆటను కంప్యూటర్‌లో ఆడించే ‘మెగామెక్’ అలాంటిదే. జావాలో రాసిన ఆ ప్రోగ్రామ్ మీద ఇరవై ఏళ్లకు పైగా చేతులు మారుతూ పని సాగుతోంది. రాడ్నీ కిన్నీ మొదట ‘అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్’ అనే ఒక్క ఆట కోసం రాసిన టూల్, తర్వాత ఎన్నో ఆటలకు పనికొచ్చే ‘వాసల్’ ఇంజిన్‌గా మారింది.

ఒక జాగ్రత్త. ఆట ఎవరిదో మర్చిపోకూడదు. అమెరికా చట్టం ప్రకారం ఆట ఆడే పద్ధతికి కాపీరైట్ ఉండదు. కానీ రూల్‌బుక్‌లో దాన్ని వివరించిన వాక్యాలకు, బొమ్మలకు ఉంటుంది. పేర్లు, లోగోలకు ట్రేడ్‌మార్క్ సంగతి వేరే. లెక్క చేసి చూపించడం ఒకటి, పుస్తకం మొత్తాన్ని యాప్‌లో దించేయడం ఇంకొకటి. రెండోదానికి కంపెనీ నుంచి నోటీసు వస్తే ఆశ్చర్యం లేదు.

మీరు మొదలుపెట్టాలంటే

ఆఫీసులో మేం రాసే కోడ్‌కు టికెట్ ఉంటుంది, గడువు ఉంటుంది, పైన మేనేజర్ ఉంటాడు. వాడే మనిషి మాత్రం చాలాసార్లు కంటికి కనపడడు. ఆటగాళ్ల కోసం రాసిన టూల్ అలా కాదు. లెక్క తప్పితే ఆ రాత్రే మెసేజ్ వస్తుంది. కాలేజీలో ఏటా చేతులు మారే ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ ప్రాజెక్టు ఇది నేర్పదు.

వార్‌హామర్ బొమ్మలు ఖరీదు. అవి లేకపోయినా ఫర్లేదు, మన పులి-మేక ఉందిగా! మూడు పులులు, పదిహేను మేకలు, కలిసే గీతల మీద 23 చోట్లు. పాచికలు లేవు కాబట్టి మొదటి ప్రాజెక్టుకు ఇంకా తేలిక. పులి ఎప్పుడు దూకొచ్చో, మేక ఎప్పుడు కదలొచ్చో ఊరికో మాట చెబుతారు. అందుకే ఆ నియమాలను కోడ్‌లో కాదు, విడిగా ఓ ఫైల్లో రాయండి. ఆ ఫైల్ నింపే పని మీ తాతయ్యకి అప్పగించండి. మీ మొదటి టెస్టరూ ఆయనే.