మంచుదారిని బండి నడుపుట

మన యూళ్లలో మంచు అనగా ధనుర్మాసపు తెల్లవారుజామున గడ్డిపరకలపై నిలిచి, ప్రొద్దెక్కగానే మాయమగు చెమ్మయే. నేనును ఆ మంచునే యెఱిగి, ఉద్యోగార్థమై కెనడా దేశమందలి క్విబెక్కు రాష్ట్రమునకు వచ్చితిని. ఇచ్చటి మంచు దూదిపింజలవలె రాలి, మోకాలిలోతున పేరుకొని, నెలల తరబడి నేలను విడువదు. మన పాఠశాలలో చదివినవారు పలువురు నేడు ఇట్టి శీతలదేశములకు చదువులకును కొలువులకును పోవుచున్నారు. వారిలో కొందఱు స్వదేశమున బండి నడుపుటలో ఆరితేఱినవారే. అయినను ఆ నేర్పొక్కటియే మంచుదారిలో చాలదు. కావున అందుకు చేయవలసిన సన్నాహమును, ముఖ్యముగా టైర్ల యెంపికను గూర్చి చదువరులకు విన్నవించుచున్నాను.

నేను వచ్చిన మొదటి సంవత్సరము నవంబరు నెలలో ఒక పాత కారు కొంటిని. దాని నాలుగు చక్రములకును ఇంజను బలము అందును గనుక, మంచులో దానికి తిరుగులేదని తలచితిని. శీతకాలపు టైర్లు వేయవలెనని చట్టము విధించిన దినము ఇంకను రాలేదుగదా యని జాగు చేసితిని. ఒకనాటి యుదయమున నాలుగు వీధుల కూడలిలో ఎఱ్ఱదీపము చూచి బ్రేకు త్రొక్కితిని. చక్రములు తిరుగుట మానినవి గాని బండి ఆగలేదు. అది గాజుపలకపై జాఱినట్లు కూడలిలోనికి జాఱిపోయి, ప్రక్కనున్న మంచుకుప్పకు తగిలి నిలిచెను. అంతకు క్షణము ముందే ఒక తల్లి తన బిడ్డ చేయి పట్టుకొని ఆ దారి దాటియుండెను. ఆ దినము నా చేతులు చాలసేపు వణకినవి.

ఆనాడు నేర్చిన పాఠ మిది: బండి కదలుట వేఱు, ఆగుట వేఱు. నాలుగు చక్రములకు బలమిచ్చు ఇంజను బండిని కదలించుటకే తోడ్పడును, ఆపుటకు తోడ్పడదు. ఆపునది నేలకును బండికిని నడుమనున్న రబ్బరే. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు ఇంచుమించు మన అరచేయి యంత మాత్రమే. బండిలోని వారి ప్రాణములును, దారినపోవు వారి ప్రాణములును ఆ నాలుగు అరచేతులపైననే ఆధారపడి యున్నవి.

వేసవి టైర్లు మంచులో నేల కుదురక జాఱుట కేమి కారణము? చలికాలమున మన యిండ్లలో కొబ్బరినూనె పేరుకొనుట చూచియున్నారు గదా. రబ్బరు అట్లు గడ్డకట్టకపోయినను, చలికి బిఱుసెక్కును. వేసవి టైరులోని రబ్బరు సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన బిఱుసెక్కుచు, దారిని పట్టు గుణమును కోల్పోవును. శీతకాలపు టైరును వేఱు పాళ్లలో కలిపిన రబ్బరుతో చేయుదురు గనుక, అది గట్టి చలిలోను మెత్తగానే యుండును. కాబట్టి మంచు కురియకపోయినను, కేవలము చలి ముదిరినప్పుడే ఈ టైర్లు వేయించుట మేలు.

రెండవ భేదము టైరుపై కోసిన గాళ్లలో నున్నది. వానకాలమున పొలముగట్టుపై నడుచునపుడు మనము కాలివ్రేళ్లను బురదలో నాటుచు నడుతుము. శీతకాలపు టైరుపై నుండు వేలకొలది సన్నని కోతలు ఆ వ్రేళ్లవలెనే మంచును పట్టుకొనును. పెద్ద గాళ్లలో మంచు క్రిక్కిఱియును. తడిపిండి తడిపిండికి అంటుకొనునట్లు, గాళ్లలోని మంచు దారిమీది మంచును పట్టుకొని చక్రమునకు పట్టు కలిగించును. ఈ విద్య నేటిది కాదు. ఫిన్లండు దేశమున 1934లోనే లారీలకు ప్రత్యేకముగా శీతకాలపు టైరును తయారుచేసిరి. 1936లో కార్లకును చేసిరి.

ఇక ఎంపిక మాట. టైరు ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచుపూవును గల ముద్ర కలదేమో చూడవలెను. గట్టిపడిన మంచుపై పరీక్షింపబడి నెగ్గిన టైరుకే ఆ ముద్ర వేయుదురు. ‘ఎం’, ‘ఎస్’ అను అక్షరములు మాత్రమే యున్నచో, బురదకును మంచుకును తగునని తయారుచేసినవారు చెప్పుకొనుటయే గాని, అది పరీక్షకు నిలిచిన గుర్తు కాదు. జర్మనీ దేశమున 2024 అక్టోబరు మొదలు ఆ అక్షరములు మాత్రమే గల టైర్లను శీతకాలపు టైర్లుగా పరిగణించుట లేదు. క్విబెక్కులో డిసెంబరు 1 మొదలు మార్చి 15 వఱకు శీతకాలపు టైర్లు తప్పనిసరి. అయితే చలి పంచాంగము చూచి రాదు. చట్టము చెప్పిన దినము ఆఖరి గడువే గాని ఆరంభము కాదని నా యనుభవము.

నాలుగు చక్రములకును ఒకే విధమైన టైర్లు వేయవలెను. ఖర్చు తగ్గునని ముందు రెంటికి మాత్రమే వేసినచో, మలుపులో వెనుక చక్రములు జాఱి బండి గిరగిర తిరుగును. గాళ్ల లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు మంచులో అంతగా పనికిరాదు. ఇనుపమేకులు తాపిన టైర్లు గడ్డకట్టిన మంచుపై బాగుగా పట్టును గాని, దారిని గీచి పాడుచేయును. కావున కొన్ని దేశములలో వానికి అనుమతి లేదు. చలి పోగానే ఈ టైర్లను తీసివేయవలెను. ఎండలో ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోవును.

టైర్ల తరువాత తక్కిన సన్నాహము. చలికి టైరులోని గాలి బిగువు తగ్గును. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడినచో చదరపు అంగుళమునకు సుమారు ఒక పౌను తగ్గును. కనుక బండి కదలింపక ముందే గాలి చూచుకొనవలెను. సున్నకు దిగువన 18 డిగ్రీల చలిలో బ్యాటరీ బలము సుమారు సగమగును. అదే సమయమున ఇంజను నూనె చిక్కబడి మఱింత బలమును కోరును. కావున పాత బ్యాటరీని ముందే పరీక్షింపించి, చలికి తగిన పలుచని నూనె పోయింపవలెను. ఇంజనును చల్లార్చు నీరు గడ్డకట్టినచో, నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బి ఇనుమునే పగులగొట్టును. అందుచే నీటిలో ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును సగపాలు కలుపుదురు. ఆ మిశ్రమము సున్నకు దిగువన సుమారు 37 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. అద్దము కడుగు నీటికి బదులుగా చలికి గడ్డకట్టని ద్రవమును పోయవలెను.

బయలుదేరక ముందు అద్దములపైనే గాక, దీపములపైనను బండి కప్పుపైనను ఉన్న మంచును తుడువవలెను. లేనిచో కప్పుమీది గడ్డ వెనుకవచ్చు వారి అద్దముపై పడును. అన్నిటికంటె ముఖ్యముగా పొగగొట్టము మంచుతో పూడుకొనలేదని చూడవలెను. అది పూడినప్పుడు ఇంజను నడపినచో, కార్బను మోనాక్సైడు అను విషవాయువు లోనికి ప్రవేశించును. దానికి రంగు లేదు, వాసన లేదు. లోపల వెచ్చగా కూర్చున్నవారు ఎఱుగకయే ప్రాణములు విడుతురు. బండిలో కంబళి, పార, ఇసుక సంచి, దీపము, త్రాగునీరు ఉంచుకొనుట మంచిది.

దారిలో తొందరపాటు తగదు. ముందు బండికి మామూలు కంటె ఎన్నో రెట్లు దూరముగా నుండవలెను. వంతెనలకు పైనను క్రిందను చలిగాలి తగులును గనుక అవి ముందుగా గడ్డకట్టును. అచ్చట తడిగా కనబడునది నీరు కాక గాజువంటి మంచు కావచ్చును. బ్రేకు గాని చక్రపు మలుపు గాని మెల్లమెల్లగానే సాగవలెను.

ఈ మాటలు పరదేశములకు పోవువారికి మాత్రమే కావు. మన హిమాలయములలో 2020లో అటల్ సొరంగము తెఱచిన పిదప, శీతకాలమున మనాలికి పోవువారికి మంచుకొండల దారి సులభమైనది. 2024 డిసెంబరులో ఆ దారిని మంచు కురిసి వందలకొలది బండ్లు చిక్కుకొన్నవి. అట్టి యాత్రకు పోవు తల్లిదండ్రులు, బండికి తగిన టైర్లో, చక్రములకు చుట్టు గొలుసులో ఉన్నవా యని ముందే అడుగవలెను. దారి తెలిసిన స్థానికుడే బండి నడుపుట మఱియు మేలు.

నేటికిని ప్రతి సంవత్సరము అక్టోబరు చివర, పండుటాకులు రాలుచుండగనే నేను టైర్లు మార్పింతును. ఇంకను మంచు పడలేదే యని ఇరుగుపొరుగువారు నవ్వుదురు. నాకు మాత్రము ఆ కూడలియు, బిడ్డ చేయి పట్టుకొని దాటిన ఆ తల్లియు జ్ఞప్తికి వత్తురు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్న ప్రయోజనము లేదు. విద్యార్థులారా, మీలో నెవరైన మంచుదేశమునకు పోయి బండి కొన్నచో, అది ఎంత వేగముగా పోవునని గాక, ఎంత దూరములో ఆగునని మొదట అడుగుడు.